బడి తరఫున ఒక మాట

సర్కారు బడి హెడ్మాస్టరుకు పాఠం చెప్పడమే కాదు, బడి తరఫున మాట్లాడటమూ ఒక పనితనమే. మధ్యాహ్న భోజనంలో తేడా వచ్చిందటగా అని విలేకరి ఫోన్ చేస్తే, మంచి హెచ్‌ఎం కంగారుపడరు, కసురుకోరు. పిల్లలెలా ఉన్నారో ముందు చెబుతారు. తెలిసినంతవరకే చెప్పి, మిగతాది కనుక్కుని సాయంత్రంలోగా చెబుతానంటారు. చెబుతారు కూడా. పిల్లల పేర్లు మాత్రం బయటికి రానివ్వరు.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకేరోజు జరిగిన మెగా పేరెంట్-టీచర్ సమావేశాలు ఈ నేర్పుకు మరో పరీక్ష. కుప్పంలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం వినిపిస్తాయి. నగరి, సత్యవేడు వైపు ఎన్నో ఇళ్లలో తమిళమే. అక్కడి తల్లిదండ్రుల ముందు ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులు ఏకరువు పెడితే ఏం లాభం? "మీ పాపకి లెక్కలు బాగా వస్తా ఉండాయి మా. ఇంగ్లీషే తడబడతా ఉంది. దినామూ ఒక పేజీ చదివించండి" అని సులువైన మాటల్లో చెబితే ఆ తల్లికి చేయాల్సిన పని తెలుస్తుంది.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒకరు విలేకరిగా, ఒకరు హెచ్‌ఎంగా కూర్చుని సాధన చేస్తే ఈ విద్య మరింత మందికి అబ్బుతుంది. బడి మీద పుకారు పుడితే ఊరు ముందుగా హెచ్‌ఎంనే అడగాలి. ఆ నమ్మకం సంపాదించిన వాళ్లకు జోహార్లు.