వెనక గదిలో కాపలాదారు

బెంగళూరు రస్సెల్ మార్కెట్ పరిసరాల్లో రంగు చేపల దుకాణాల ముందు జనం ఆగేది అద్దాల వెలుగు చూసి. నేను మెచ్చుకునేది మాత్రం వెనక గదిలో కొత్త సరుకును కనిపెట్టుకుని ఉండే మనిషిని.

బ్రెజిల్‌లోని రియో నీగ్రోలో పట్టిన కార్డినల్ టెట్రా ఇక్కడికి చేరేసరికి చిక్కిపోయి ఉంటుంది. సంచీ విప్పడంలోనే పనితనం తెలిసిపోతుంది. ప్రయాణంలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీటి పీహెచ్‌ను దించి, అమ్మోనియా విషాన్ని అణచి ఉంచుతుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ లేస్తుంది, విషం చెలరేగుతుంది. అందుకే అతను మూసిన సంచీనే తొట్టిలో తేలేసి, వేడి సమానమయ్యాక విప్పుతాడు. ఇక నాన్చడు. చేపల్ని వలతో తీసి, సంచీ నీళ్లు పారబోస్తాడు.

తొట్టిలో ఇసుక ఉండదు. స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి పైపు ముక్కలు, నాలుగు బాదం ఆకులు. వల వేరు, బకెట్ వేరు.

అసలు పరీక్ష తెల్లమచ్చ తెగులు. చర్మం కింద దాగిన పరాన్నజీవిని మందు తాకదు. అది రాలి, వందలుగా చీలి, నీటిలో ఈదేటప్పుడే చస్తుంది. బెంగళూరు డిసెంబరు చలిలో ఈ చక్రం ఇంకా నెమ్మదిస్తుంది. మచ్చలు పోయాయని మందు ఆపేసినవాడి పని మళ్లీ మొదటికే.

ఇంత చేసినా చావులు తప్పవు. చచ్చినదాన్ని వెంటనే తీసి, మొప్పలు పరిశీలించి, తేదీ వేసి రాసుకునేవాడే నా దృష్టిలో నిపుణుడు.

కొనేముందు ఎన్నాళ్లు విడిగా ఉంచారో అడగండి. నాలుగు వారాలన్న చోట ధర ఎక్కువైనా బేరమాడకండి.