కుంచం ముందు పిల్లవాడు

సుందరయ్యా, మా సూళ్లూరుపేట స్టేషన్లో నిలబడి ఉత్తరానికి చూస్తున్నాను. గూడూరు దాటి, నెల్లూరు దాటి, పెన్న దాటితే మీ అలగానిపాడు. మొన్న 2022 దాకా నీదీ మాదీ ఒకటే జిల్లా. ఈ పట్టాల మీదే మన పిల్లలు చదువుకని మద్రాసు పోయేవాళ్లు.

1913 మే 1న, శ్రామికుల పండగ నాడు, భూస్వామి ఇంట పుట్టావు. సుందరరామిరెడ్డి అని పేరు పెట్టారు. ఆరేళ్లకే నాన్న పోయాడు. గాదె మాత్రం నిండుగానే ఉంది.

మొలకొలుకులు పండే సీమ అది. మోకాలి లోతు బురదలో పొద్దంతా నడుం వంచిన మనిషి, పొద్దుగూకేవేళ గాదె ముందు కొంగు పట్టి నిలబడుతుంది. కుంచంలో వడ్లు పోస్తారు. పైన గుట్టగా నిలిచిన గింజల్ని ఒక చెయ్యి అడ్డంగా తుడిచేస్తుంది. ఆమె నోరు మెదపదు. కొంగు ముడేసుకుని, చీకట్లో వాడ దారి పడుతుంది.

అరుగు మీంచి ఆ చేతిని నువ్వు చూసే ఉంటావు. పిల్లల కంటికి లెక్కలు రావు, అన్యాయం మాత్రం ఇట్టే తెలుస్తుంది. పెద్దవాళ్లం అలవాటుతో దాన్ని మరుస్తాం. నువ్వు మరవలేదు. నీ గొప్పంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

1930లో, పదిహేడేళ్ల వయసులో, గాంధీ పిలుపు విని కాలేజీ వదిలావు. బోర్స్టల్ జైలు చూశావు. బయటికి వచ్చి ఎక్కడికి పోయావు? సొంత ఊరికే. సొంతవాళ్ల పొలాల్లో చెమటోడ్చే కూలీలను కూడగట్టి, వెట్టికి ఎదురు నిలిచావు. అమీర్ హైదర్ ఖాన్ నీకు కమ్యూనిజం దారి చూపాడు. ఆ పుస్తకాల్లో నువ్వు చదివింది, అరుగు మీంచి చూసినదాని పేరే.

ఆ పేరు తెలిశాక ఒక్కొక్కటే దించుకున్నావు. పేరు చివరి కులం దించావు. వాటాకొచ్చిన ఆస్తిని పార్టీకిచ్చావు. నీ భార్య లీలమ్మా నువ్వూ పిల్లలే వద్దనుకున్నారు. తెలంగాణ రైతు తుపాకి పట్టిన రోజుల్లో అజ్ఞాతంలో తిరిగావు. ఎంపీవయ్యాక పార్లమెంటుకు సైకిల్ తొక్కుకుంటూ పోయావు. 1985 మే 19న కన్ను మూసేనాటికి నీ గాదెలో గింజ లేదు. కుంచం మీంచి తుడిచిందంతా తిరిగి కొంగుల్లో పోసి వెళ్లావు.

ఇవాళ శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా ఊరంతా మేడలెక్కి ఆకాశం చూస్తుంది. నాకూ గుండె పొంగుతుంది. కానీ పులికాట్ ఒడ్డున ఒక యానాది తల్లి తెల్లారకముందే పట్టిన రొయ్యల్ని తక్కెట్లో పోస్తోంది. పక్కన ఆరేళ్ల కొడుకు. వాడి చూపు తక్కెడ ముల్లు మీద ఉంది.

సుందరయ్యా, ఆ చూపు నీదే. వాణ్ణి ఎవరూ అదిలించకుండా ఉంటే చాలు.