మంచం కింద ట్రంకుపెట్టె

మా మేనమామ మంచం కింద ఆకుపచ్చ ట్రంకుపెట్టె ఒకటి ఉండేది. ఏటా క్యాంపు పిలుపు రాగానే దాన్ని బయటికి లాగి బూట్లు తీసేవాడు. పాత బనీను పీలిక వేలికి చుట్టుకుని, నల్ల పాలిష్ అద్ది, చుక్క నీళ్లు చల్లి బూటు ముక్కు మీద గుండ్రంగా రుద్దేవాడు. కిటికీ వెలుతురు అందులో మెరిసేదాకా వదిలేవాడు కాదు. "ఏడాదంతా వీటిని మరిచిపోతే కాళ్లు నడక మరిచిపోతాయిరా" అనేవాడు. క్యాంపు లేని రోజుల్లో ఆయన ఒక కార్ఖానాలో ఫిట్టరు.

ఆయన టెరిటోరియల్ ఆర్మీ జవాను. అందరూ టీఏ అంటారు. 1948లో చట్టం వచ్చింది, 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజాజీ ఈ దళాన్ని ప్రారంభించారు. ఇందులో చేరాలంటే వేరే బతుకుతెరువు ఉండాలి. పని చేసుకుంటూనే ఏటా శిక్షణకు వెళ్లాలి, దేశం పిలిస్తే పూర్తికాలం సైనికుడు కావాలి. 1962, 1965, 1971 యుద్ధాల్లో టీఏ దళాలు పనిచేశాయి. సున్నపురాయి తవ్వకాలతో బోడులైన ముస్సోరీ కొండల మీద 1982 నుంచి మొక్కలు నాటి పెంచిన పర్యావరణ పటాలం కూడా టీఏదే. అందులో పదవీ విరమణ చేసిన సైనికులే ఎక్కువ. శత్రువు లేని చోట ఏళ్ల తరబడి మొక్కకు నీళ్లు పోయడం కూడా నా లెక్కలో దేశరక్షణే.

క్రికెటర్ ధోనీకి 2011లో టీఏలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చినప్పుడు చాలామంది టీఏ పేరు మొదటిసారి విన్నారు. 2025 మే నెలలో మళ్లీ విన్నారు. పాకిస్తాన్‌తో ఉద్రిక్తత ముదిరిన ఆ రోజుల్లో, టీఏలోని 32 పదాతి పటాలాల్లో 14 పటాలాలను రంగంలోకి దించే అధికారాన్ని కేంద్రం సైన్యాధిపతికి ఇచ్చింది.

అలా పిలవగానే మనుషులు వస్తారు. కానీ చెయ్యి తిరిగి ఉండాలి కదా! తుపాకీ విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించడం పుస్తకం చదివితే పట్టుబడదు. ఆరునెలలు వదిలేస్తే వేళ్లు తడబడతాయని మామయ్యే చెప్పేవాడు. అందుకే ఏటా జరిగే క్యాంపే రిజర్వు దళానికి ప్రాణం. కాగితం మీద ఎంత బలం రాసుకున్నా, క్యాంపుకు రాని మనిషి ఆపదలో అక్కరకు రాడు.

ఆ క్యాంపుకు అడ్డం పడేది చాలాసార్లు ఇంటి దగ్గరి కొలువే. ఒక ఏడాది మామయ్య సెలవు అడిగితే సూపర్‌వైజరు "నువ్వు పోతే మెషిను ఎవరు చూస్తారు?" అని విసుక్కున్నాడు. తిరిగొచ్చాక ఆయనకు వరసగా నైట్ షిఫ్టులు పడ్డాయి. సైనిక సేవకు వెళ్లొచ్చినవాడిని తిరిగి పనిలోకి తీసుకోవాలని చట్టం చెబుతోంది. నైట్ షిఫ్టుల సంగతి మాత్రం చట్టానికి పట్టదు. అప్పుడు మా అత్తయ్య కళ్లలో నీళ్లు చూశాను. ఇన్నేళ్లయినా ఆ కోపం నాలో చల్లారలేదు.

మీ దుకాణంలోనో, ఆఫీసులోనో, కార్ఖానాలోనో టీఏ మనిషి ఉంటే, ఈసారి క్యాంపు కాగితం పట్టుకొచ్చినప్పుడు వెంటనే సంతకం పెట్టండి. తిరిగొచ్చేదాకా అతని చోటు అతనికే ఉంచండి.