ఇరువది డిగ్రీల నీరు

ఫిల్ము కడుగు విద్యను గూర్చి వ్రాసిన ఏ గ్రంథమును తెఱచినను, మందు డబ్బాపై అంటించిన ఏ కాగితమును చదివినను, మొట్టమొదట ఎదురగు అంకె ఒక్కటే: 20 డిగ్రీలు. ఆ అంకె శీతలదేశముల గదులలోని వాతావరణమును బట్టి ఏర్పడినదే గాని, ఫాల్గుణము వెళ్లకమునుపే మిద్దెమీది ట్యాంకు నీరు చేయి కాల్చు మా మోత్కూరును తలచి ఏర్పఱచినది కాదు. 2016 వఱకు నల్గొండ జిల్లాలోనుండి, జిల్లాల విభజనతో యాదాద్రి భువనగిరికి చేరిన ఈ ఊర, నలుపు తెలుపు ఫిల్మును తొలిసారి ఇంటిపట్టున కడుగబూనిన నాకు చీకటి గాని, మందుల పాళ్లు గాని అంతగా సమస్య కాలేదు. నీటిని చల్లబఱచుటయే సమస్యయై కూర్చుండెను.

చీకటికేమి కొదువ? రాత్రి భోజనములైన పిదప స్నానాలగది తలుపు సందులలో దుప్పటి కుక్కిన చాలును. అయితే సినిమాలలో చూపు ఎఱ్ఱదీపమునకు ఇచ్చట తావులేదు; అది ఫొటో కాగితమునకు చెల్లును గాని, ఎఱుపుతో సహా సమస్తవర్ణములను గ్రహించు నేటి ఫిల్మునకు చెల్లదు. 1906లో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ అను ఆంగ్ల సంస్థ అట్టి పాంక్రొమాటిక్ పలకలను అంగడికి తెచ్చుటకు పూర్వము, ఎఱ్ఱవెలుగులో గాజుపలకను ట్రేలో ఊపుచు, రూపము తేలుటను కన్నులార చూచి, చాలునని తోచినపుడు వెలికితీయు భాగ్యము పనివానికుండెను. 1886లో సికింద్రాబాదున స్టూడియో తెఱచి, ఆఱవ నిజాము కొలువున రాజా బిరుదమందిన లాలా దీన్‌దయాళ్ పనివారును అట్లే కడిగియుందురు. మనకు మిగిలినది వ్రేలికొసల చూపు. ఫిల్ము మొనను రెండు మూలలయందు గుండ్రముగ కత్తిరించి, ప్లాస్టిక్ రీలు అంచునగల గాడిలో దూర్చి, ఇరుప్రక్కలను ఒకదాని వెంట నొకటిగ ముందువెనుకలకు త్రిప్పినచో, లోపలి చిన్న గుండ్లు దానిని పట్టి లోనికి లాగుకొనును. కాని చెమట పట్టిన చేతికి, తడి ఆఱని రీలుకు అది లొంగదు. ఉక్కపోయు ఆ గదిలో మొలకు కట్టుకొన్న తువ్వాలుతో వ్రేళ్లు తుడుచుకొనుచు సుమారు మీటరున్నర ఫిల్మును చుట్టి, డబ్బామూత బిగించి వెలుపలికి వచ్చునప్పటికి ఒడలంతయు తడిసెను.

మందును నేనే కలిపికొంటిని. కోడాక్ సంస్థ 1927లో వెలువరించిన డి-76 సూత్రము నేటికిని చెల్లుబాటగుచున్నది: లీటరు నీటికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్సు 2 గ్రాములు. ఇవి కరగుటకు 50 డిగ్రీల వేడినీరు కావలెనట. ఆ ఒక్క విషయమున మాత్రము మా ట్యాంకును కొంత నమ్మవచ్చును. మొదటి మూడింటిని హైదరాబాదు నుండి తెప్పించితిని గాని, నాల్గవది మా వీథి అవుసులాయన పెట్టెలోనే దొరకెను. నగలు అతుకునపుడు ఆయన చల్లు వెలిగారమే అది. ఫిల్ములోనున్నది వెండియేనని చెప్పినంతనే, "ఎంతుంటది?" అని ఆయన అడిగెను.

ఇక చల్లదనము సంగతి. నేను వాడిన ఇల్ఫర్డ్ హెచ్‌పి5 ఫిల్మునకు, నీరు కలుపని డి-76లో, 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషములు పట్టును. డిగ్రీ పెరిగినకొలది ఆ కాలము సుమారు పదవవంతు చొప్పున తఱుగును. ఆ లెక్కన 30 డిగ్రీల వద్ద మూడు నిమిషములైన నుండదు, అంత స్వల్పకాలమున మందు ఫిల్మంతటను సమముగ పాఱదు. పైగా వేడికి జెలటిన్ పూత ఉబ్బి, మెత్తబడి, గోరు తగిలినచో లేచివచ్చును. వెనుకటివారు ఉష్ణదేశముల కొఱకు మందులో సోడియం సల్ఫేటును చేర్చినది ఈ ఉబ్బును అరికట్టుటకే. మన దేశమున 1960లో నెలకొల్పిన హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారము ఉదకమండలపు కొండగాలిలో వెలసెను. అచ్చట పుట్టిన 'ఇందు' ఫిల్మును ఎండమండు ఊళ్ల రేకులగదులలో కడిగినవారి పాట్లను వ్రాసిపెట్టిన పుస్తకము నా కంటబడలేదు.

అట్టివారిలో ఒకరు, బస్టాండు చెంత ఒకనాడు స్టూడియో నడిపిన వృద్ధుడు, నా ఐసుగడ్డల ఆలోచన విని నవ్వెను. "సీదా మందుల ఏస్తవా సారూ? నీళ్లు గలిసి పలచనైతది. కవర్ల గట్టి ముంచు. గదంత ఎందుకుగని, రాత్రి రంజన్ల నీళ్లు వోసిపెట్టి తెల్లారగట్ల కడుగు." పెద్దాయన మాట చొప్పున తెల్లవాఱుజామున చూడగా రంజను నీరు 24 డిగ్రీలకు దిగియుండెను. మందులో సమపాలు నీరు కలిపినచో కాలము హెచ్చును గనుక, ఆ వేడిమి వద్దను ఏడు నిమిషములకు పైగా దక్కినవి. ఈ రంజను యుక్తిని నాకు ఏ డబ్బాకాగితమును చెప్పలేదు.

తక్కినది వేగముగ జరిగిపోవును. మందు పోయగనే పది సెకండ్లు తలక్రిందులుగ త్రిప్పుట, బుడగలు విడుటకై డబ్బాను నేలపై తట్టుట, ఆపై నిమిషమున కొకసారి మరల త్రిప్పుట, అటుపిమ్మట హైపో. వెండి లవణములను కరగించు దాని గుణమును జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టెను గాని, ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన 1839 వఱకు ఆ గుణమునకు ఈ పని దొరకలేదు. పాఱు నీటిలో కడుగుమనుట నీటికి మొగము వాచిన ప్రాంతమువారికి చెప్పదగిన మాట కాదు. డబ్బా నింపి అయిదుమార్లు, నీరు మార్చి పదిమార్లు, మరల మార్చి ఇరువదిమార్లు త్రిప్పిన చాలునని ఇల్ఫర్డువారు చూపిన పద్ధతి మాకు సరిపడినది. ఆఱినపిదప సున్నపు మరకలు మిగులకుండ, కడపటి తడుపునకు మాత్రము ఫిల్టరు ప్లాంటు నుండి తెచ్చిన క్యాను నీరు వాడితిని. ఫ్లోరైడు బాధకు పేరుమోసిన ఈ సీమలో అట్టి ప్లాంటు లేని ఊరు అరుదు.

దండెమున క్లిప్పులతో వ్రేలాడదీసిన నెగటివులో బిక్కేరు వాగు మీది ఆకాశము కాటుకనలుపై, తాటిచెట్లు తెల్లనై నిలిచినవి. వృద్ధుడు దానిని అంచులు పట్టి కిటికీకెత్తి, "మొగులు జర మాడింది సారూ, అర నిమిషం తగ్గియ్యి" అనెను.

వాడిన హైపోలో ఫిల్ము విడిచిన వెండి యుండును. దానిని మోరీలో పాఱబోయరాదు. తుప్పుపట్టు రకపు ఇనుపపీచును అందులో వేసి యుంచినచో, ఇనుము కరగి వెండి అడుగున నల్లని బురదగ దిగును. ఆ బురదను సీసాలో పోసి అవుసులాయనకు చూపితిని. ఆయన సీసాను ఆడించి, మూత తీసి వాసన చూచి, మొగము చిట్లించెను.

"దీంతోని ఒక్క మెట్టె గూడ గాదు సారూ."