కాల్డార్ పన్నులు – మన పొరపాటు

2015 బడ్జెటులో సంపద పన్ను రద్దయినప్పుడు మన మిత్రులు చాలామంది అన్నమాట ఒక్కటే: ధనికులకు మరో వెయ్యి కోట్లు వదిలేశారు. అబద్ధం కాదు. 2013–14లో దాని వసూలు 1,008 కోట్లేనని ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ సభలోనే చెప్పారు. వసూలు ఖర్చుకు తగిన రాబడి లేదన్నది ఆయన వాదం. మనం కూడా ఆయన తక్కెడలోనే తూచి జవాబు చెప్పాం. అక్కడే పొరబడ్డామని నా అభిప్రాయం.

ఈ పన్ను ఎందుకు పుట్టిందో చూడండి. సోషలిస్టు తరహా సమాజమే లక్ష్యమని 1955లో ఆవడి కాంగ్రెసు తీర్మానించింది. మరుసటి ఏడు కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ మన పన్నుల మీద నివేదిక ఇచ్చాడు. ఆదాయంతోపాటు సంపద మీద, మూలధన లాభాల మీద, బహుమతుల మీద, సొంత వ్యయం మీద పన్ను ఉండాలన్నాడు. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి దించమన్నదీ అతనే; ఈ సంగతి మనం తరచు మరుస్తాం. అతని నమ్మకం రేటు మీద కాదు, లెక్క మీద. అయిదు పన్నులకూ ఒకే పత్రం. ఒకచోట దాచింది ఇంకొకచోట బయటపడాలి. అమ్మినవాడు తగ్గించి చెప్పిన వెల కొన్నవాడి పద్దులో తేలుతుంది. ఆదాయమే లేదన్నవాడి మేడ సంపద పద్దులో తేలుతుంది. మేనేజింగ్ ఏజెన్సీలు కంపెనీలను ఏలుతున్న ఆ రోజుల్లో వాటాలు నిజంగా ఎవరివో రాబట్టడానికి ఇది పదునైన పనిముట్టే.

1957లో టి.టి. కృష్ణమాచారి సంపద పన్ను, వ్యయపు పన్ను తెచ్చారు. ఆ ఏడే జీవిత బీమా సంస్థ సొమ్ము కోటి రూపాయలకు పైగా హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాల్లోకి పోయింది. ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో నిలదీశారు, ఛాగ్లా కమిషన్ విచారించింది, 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేశారు. బహుమతుల పన్ను తెచ్చిన ఆ ఏటి బడ్జెటును నెహ్రూయే చదవవలసి వచ్చింది. ప్రజల సొమ్ముకూ ప్రైవేటు కంపెనీకీ నడుమ గోడ ఎంత పలచనో దేశం చూసింది. లెక్క బిగించవలసిన సమయం అది.

బిగించలేదు సరికదా, వదులు చేశారు. వ్యయపు పన్ను 1962లో పోయి, 1964లో తిరిగి వచ్చి, 1966లో మళ్ళీ పోయింది. రేటు మాత్రం పెరుగుతూ 1973–74 నాటికి 97.75 శాతానికి ఎక్కింది. ఆ అంకె చూసి మురిసినవాళ్ళు మనలో లేకపోలేదు! ఎస్టేటు సుంకం 1985లో, బహుమతుల పన్ను 1998లో రద్దయినాయి. అసలు దెబ్బ 1993లో తగిలింది: ఉత్పాదక ఆస్తులని పేరు పెట్టి కంపెనీ వాటాలను సంపద పన్ను నుంచి తప్పించారు. ఇళ్ళు, కార్లు, నగలవంటివి మిగిలాయి. కుండకు చిల్లి పొడిచి, నీళ్ళు నిలవడం లేదని కుండనే పారేసినట్లయింది 2015లో.

ఆస్తుల వివరాలు ఆదాయపు పన్ను పత్రంలోనే తీసుకుంటామని జైట్లీ అన్నారు. తీసుకుంటున్నారు కూడా. కాని ఆ పట్టిక నింపవలసింది నిర్ణీత ఆదాయం దాటినవారే. అందులో చూపేది కొన్న వెల. ఆదాయం తక్కువగా చూపి ఆస్తి పోగుచేసినవాణ్ణి పట్టడానికి కాదా కాల్డార్ సంపద పన్ను అడిగింది?

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 22 శాతానికి దించినప్పుడు కూడా మన వ్యాసాలు, నాదానితో సహా, ఏటా 1.45 లక్షల కోట్ల నష్టం దగ్గరే ఆగాయి. ఆ మిగులు ఏ వాటాదారుడి ఇంటికి చేరి ఏ ఆస్తిగా మారిందో అడగడానికి మన చేతిలో పద్దు లేదు. పద్దు కావాలని మనమూ అడగలేదు.