పిల్లవాడి కాపలా: ‘పాడీ క్లార్క్ హా హా హా’ నవలపై విమర్శ

ఐరిష్ రచయిత రాడీ డాయిల్ రాసిన ఈ నవలకు 1993లో బుకర్ బహుమతి లభించింది. కథాకాలం 1968, స్థలం డబ్లిన్ శివారు. కథ చెప్పేవాడు పదేళ్ల పాడీ.

గృహహింసను చూసే పిల్లలు అనగానే మీకు భయం, ఏడుపు గుర్తుకు రావచ్చు. ఈ నవల మరో ప్రభావాన్ని చూపుతుంది. ఒక రాత్రి అమ్మానాన్నల గొడవ విని, ఆపమని పాడీ గొణుగుతాడు. గొడవ ఆగుతుంది. తానే ఆపాననుకుంటాడు. తాను మేలుకొని ఉంటే పోట్లాట జరగదని నమ్మి నిద్ర మానుకుంటాడు. అయినా తండ్రి తల్లిని కొడతాడు, చివరకు ఇల్లు విడిచి వెళతాడు. పెద్దల తప్పుకు పిల్లవాడు తనను బాధ్యుణ్ణి చేసుకోవడమే ఇక్కడి అసలు గాయం. రచయిత దీన్ని ఎక్కడా వివరించడు. పాడీ మాటల్లోంచి మనమే గ్రహించాలి. నవల బలం అదే.

పరిమితి కూడా అక్కడే ఉంది. బాలుడికి తెలిసినంతే మనకు తెలుస్తుంది కనుక తల్లి మనసు మనకు అందదు. డాయిల్ 1996 నాటి నవల ‘ది వుమన్ హూ వాక్డ్ ఇంటూ డోర్స్’లో దెబ్బలు తిన్న భార్యే కథ చెబుతుంది. రెండింటినీ పోల్చి చదవండి.

ఈ నవల చదివేటప్పుడు దెబ్బల దృశ్యాల కంటే పాడీ మేలుకొన్న రాత్రులను ఎక్కువగా గమనించండి.