పక్కవాడి కోటకు గోడ

కార్కసాన్ ఆటకు వచ్చిన అదనపు పెట్టెలన్నిట్లో నాకు బాగా ఇష్టమైనది 2003లో వచ్చిన రెండోది, ‘ట్రేడర్స్ అండ్ బిల్డర్స్’. ఎందుకో చెప్పాలంటే ముందు అసలు ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి.

జర్మనీలో సంగీతం నేర్పే క్లాస్ యుర్గెన్ వ్రేడే తయారుచేసిన ఈ ఆటను హాన్స్ ఇమ్ గ్లూక్ సంస్థ 2000లో తెచ్చింది. మరుసటి ఏడాది ఆ దేశంలో ఆటలకిచ్చే పెద్ద బహుమతి ‘ష్పీల్ దెస్ యారెస్’ దీనికే దక్కింది. ముందే గీసిన పటం ఉండదు. 72 అట్టబిళ్లల్లో ఒకటి ముందే పరిచి, బోర్లించిన మిగతావాటిలోంచి వంతుకొకటి తీసి, అంచులు కలిసేలా పేరుస్తాం. బాటకు బాట, గోడకు గోడ, చేనుకు చేను. బిళ్ల మీద మన కట్టె మనిషిని నిలబెడితే బాట మీద దొంగ, కోటలో వీరుడు, మఠంలో సన్యాసి అవుతాడు. చేన్లో పడుకోబెడితే రైతు. ఆ చేనును ఆనుకుని పూర్తయిన కోట ఒక్కోదానికి 3 పాయింట్ల చొప్పున తెస్తాడు గానీ, అదంతా ఆట ముగిశాకే.

మా నల్లగొండ ఇంట్లో మొదటిసారి పెట్టె విప్పినప్పుడు బాపు అడిగిన ప్రశ్న ఒక్కటే. “గా పండుకున్న రైతు ఎప్పుడు లేస్తడే?” నా బిడ్డ జవాబు: “ఆట ఒడిసేదాంక లేవడు తాతా.” అప్పట్నుంచి బాపు ఎప్పుడు ఆడినా తొలి వంతుల్లోనే ఒక రైతును దించుతాడు. చాలాసార్లు గెలుస్తాడు కూడా.

2001లో దీనికి నది వచ్చింది, 12 బిళ్లలు. ఊట దగ్గర మొదలుపెట్టి ముందుగా నదినే పేర్చాలి, మిగతా భూమంతా ఆ తర్వాతే. ఒక్క పాయింటు కూడా ఇవ్వని ఆ నీళ్లు చేన్లను రెండుగా చీలుస్తాయి, ఏ ఒడ్డు రైతుకు ఎన్ని కోటలు అందుతాయో ముందే నిర్ణయిస్తాయి. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది పాత పాలమూరు జిల్లాలోనే. సాగర్ ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పండింది. అదే పాత నల్లగొండ జిల్లాలో దేవరకొండ, మునుగోడు మెట్టలు ఆముదాన్నీ బోర్లనూ నమ్ముకున్నాయి. నేల ఒకటే జిల్లాది, విలువ మాత్రం నీళ్లు ఎటు మళ్లితే అటు పోయింది.

అందుకే అదనపు పెట్టెలో ఎన్ని కొత్త బిళ్లలున్నాయని నేను లెక్కపెట్టను. పాత బిళ్లల విలువను అది ఏం చేసిందన్నదే చూస్తాను. 2002 నాటి ‘ఇన్స్ అండ్ కెథెడ్రల్స్’లో ఉన్నవి 18 బిళ్లలే. కానీ బాట పక్కన సత్రం వస్తే, పూర్తయిన ఆ బాటకు బిళ్లకు ఒకటికి బదులు రెండు పాయింట్లు. పూర్తి కాకపోతే సున్నా. కోటలో పెద్ద చర్చి వస్తే బిళ్లకు రెండుకు బదులు మూడు. గోడ ఎక్కడైనా మిగిలిపోతే అదీ సున్నాయే. సగం కట్టి వదిలేసినా ఎంతో కొంత దక్కుతుందన్న ధీమా ఆ రోజుతో పోయింది.

పాతదాని విలువ మార్చే ఈ పని మన అష్టాచెమ్మాలో ఎప్పుడో జరిగింది. అరుగు మీది 25 గళ్ల పటానికి బయట ఇంకో చుట్టు గీస్తే 49 గళ్లవుతాయి, గవ్వలూ పెంచుకుంటారు. నడిమి ఇల్లు కదలదు, కానీ అక్కడికి చేరి కాయ పండాలంటే ఎన్ని చావులు తప్పించుకోవాలో! ఆటకు పేరిచ్చిన దక్షిణ ఫ్రాన్స్ కోటకు కూడా రోమన్ల నాటి గోడ ఉండగానే, 13వ శతాబ్దంలో దాని చుట్టూ ఇంకో గోడ లేచింది.

ఇక ‘ట్రేడర్స్ అండ్ బిల్డర్స్’. ఇందులో 24 బిళ్లలు, కొన్ని కోటల్లో సరుకుల గుర్తులుంటాయి. ద్రాక్షసారా 9, ధాన్యం 6, బట్ట 5. ఏ సరుకు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లకు చివర్లో పదేసి పాయింట్లు. కోట పాయింట్లు యజమానివే, సరుకు మాత్రం ఆఖరి గోడ పెట్టి కోటను పూర్తిచేసినవాడిది. ఈ ఒక్క నియమంతో బల్ల చుట్టూ మనుషుల నడత మారిపోయింది. మామూలు ఆటలో పక్కవాడి కోట పూర్తి కాకుండా అడ్డం బిళ్ల పెట్టడమే తెలివి. ఇక్కడ మా బిడ్డ కట్టుకుంటున్న కోటకు బాపు తానే వెతికి గోడ పెడతాడు, ఆమెకు పాయింట్లు, ఆయనకు ధాన్యం. అడ్డుపడటమే ఆట అనుకున్న ఇంట్లో ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. ఇంత చిన్న నియమంతో ఇంత పని చేయించిన మనిషి మీద నాకు నిజమైన గౌరవం.

2005లో డ్రాగన్ వచ్చి బిళ్లల మీది మనుషుల్ని మింగింది, పిల్లలకు సరదా. 2008 నాటి కెటపల్ట్ పెట్టెలో చిన్న టోకెన్లను గాల్లోకి ఎగరేసే వడిసెల ఉంది. అంత శ్రద్ధగా పేర్చుకున్న ఊళ్ల మీద రాళ్లు రువ్వడం నాకు నచ్చదు.

కొత్తగా కొనాలనుకునేవాళ్లకు నా మాట: అసలు ఆట, నది, మొదటి రెండు పెట్టెలు. మొత్తం 126 బిళ్లలు. ఒక్కోటి నాలుగున్నర సెంటీమీటర్లు, కాబట్టి బల్ల చాలదు, చాప పరుచుకోండి. అన్నీ ఒకేసారి కలపకండి, ఒకటి చేతికి అలవాటయ్యాకే ఇంకోటి.

మా ఇంట్లో ఇప్పుడు సొంత పెట్టె తయారవుతోంది. కందూరి చోడుల నాటి పానగల్లు ఉదయసముద్రాన్ని చూసొచ్చాక మా బిడ్డ మందపాటి అట్ట కోసి చెరువు బిళ్లలు గీస్తోంది. కట్ట పూర్తయితే ఆ ఆయకట్టులో పడుకున్న రైతులందరికీ పాయింట్లు, ఏ రంగు వాళ్లయినా సరే. ఇంతవరకు ఒప్పుకున్నాం. పేచీ అంతా మత్తడి దగ్గరుంది. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువు కూడా నిండినట్టే లెక్కగట్టాలని బాపు పట్టుబడుతున్నాడు. గొలుసుకట్టు అంటే అదేనంటాడు. అట్లయితే ఒక్క బిళ్లతో ఆట ఒడుస్తుందని ఆమె వాదన. ఆదివారం రెండు తీర్లా ఆడి చూస్తాం.